చీకటిలో దొరికే దీపం

వెనుకటి తెలుగు ఇళ్ళలో గోడకు దీపపు గూడు ఉండేది. లాంతరైనా, బుడ్డిదీపమైనా, అగ్గిపెట్టె అయినా ఆ గూటిలోనే ఉండవలెను. అగ్గిపెట్టెను ఎవరైనా వంటింట్లో వదలివేస్తే ఇంటి పెద్దలు మందలించేవారు. ఆ మందలింపులో ఒక శాస్త్రసత్యం ఇమిడి ఉన్నది. దీపాన్ని వెలిగించాలంటే ముందు దానిని వెదకాలి. వెదకడానికి వెలుతురు ఉండదు. ఈ చిక్కును పెద్దలు అలవాటుతో పరిష్కరించుకొన్నారు. కంటికి కనిపించకపోయినా చేయి తానుగా గూటివైపు పోయేది.

నేటి ఇళ్ళలో గూడు లేదు. టార్చిలైటు ఏ సొరుగులోనో, ఏ సంచి అడుగుననో ఉంటుంది. దాని వెలుగు ఎంత గొప్పదైనా చీకటిలో అది దొరకనంతవరకు ఉన్నా లేనట్లే. అందుచేతనే, ఆర్పివేసిన తరువాత కూడ తాను ఎక్కడున్నదీ తెలిపే విధంగా సన్నగా మెరుస్తూ ఉండే చిన్న టార్చిలైట్లు అంగళ్ళలోకి వచ్చినవి. వాటిలో ఏది కొనదగినది, ఏది ఇంటికి తగనిది అనే ప్రశ్నకు సమాధానం రసాయనశాస్త్రంలో ఉన్నది.

జిజాన్‌లో రాత్రి

సౌదీ అరేబియా నైరుతి మూలలో, ఎర్ర సముద్రపు ఒడ్డున, యెమెన్ సరిహద్దుకు చేరువలో ఉన్న జిజాన్ నగరం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. కాకినాడ, రాజమండ్రి కూడ ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉన్నాయి. కావున రాత్రి నిడివి రెండుచోట్లా సమానమే: వేసవిలో సుమారు 11 గంటలు, శీతకాలంలో సుమారు 13 గంటలు.

కాని ఇంటి లోపలి చీకటిలో చాల భేదం ఉన్నది. గోదావరి జిల్లాల ఇంటికి వసారా, పెరడు, తెరిచిన కిటికీలు ఉంటాయి. కరెంటు పోయినా నక్షత్రాల వెలుగైనా లోపలికి వస్తుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమ, 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపానులో విశాఖపట్నం రోజుల తరబడి చీకటిలో గడిపినప్పుడు కూడ ఆకాశపు వెలుగు కొంత తోడున్నది. జిజాన్‌లో ఏడాది సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. గాలిలో తేమ అధికం. అక్కడి అపార్ట్‌మెంట్లలో కిటికీలు బిగించి, దట్టమైన తెరలు వేసి ఏ.సి. నడుపుకొనడం పరిపాటి. అటువంటి గదిలో విద్యుత్తు ఆగితే కన్ను పొడుచుకొన్నా కానరాని చీకటి అలముకొంటుంది. ఊరినుండి కొన్నాళ్ళపాటు వచ్చిన వృద్ధులకు గది కొత్త, గడప కొత్త, స్నానాలగది మెట్టు కొత్త. తుంటి ఎముక విరగడానికి నాలుగు అడుగుల చీకటి చాలు.

ఇంతకంటె గంభీరమైన కారణమూ కలదు. 2015 డిసెంబరు 24 తెల్లవారుజామున జిజాన్ జనరల్ ఆస్పత్రిలో అగ్నిప్రమాదం జరిగి 20 మందికి పైగా మరణించారు, 100 మందికి పైగా గాయపడ్డారు. నిద్రవేళ నిప్పు అంటుకొన్నప్పుడు పొగ, చీకటి కలిసి దారిని మూసివేస్తాయి. అటువంటి వేళ మనిషికి రెండు విషయాలు తెలియాలి: దీపం ఎక్కడ ఉన్నది, ద్వారం ఎక్కడ ఉన్నది.

రెండు వెలుగులు, రెండు పనులు

ఎంపికకు పునాది ఇక్కడే ఉన్నది. దీపం తనను తాను చూపించుకొనడానికి కావలసిన వెలుగు వేరు, దారి చూపడానికి కావలసిన వెలుగు వేరు. మొదటిది అత్యల్పమైనా చాలును గాని రాత్రంతా ఆగకుండా ఉండాలి. రెండవది కొద్ది నిమిషాలే అవసరం గాని అడుగు వేసే చోటు స్పష్టంగా కనబడాలి. ఒకే వెలుగుతో ఈ రెండు పనులూ చేయించబోతే బ్యాటరీ రోజులలోనే అయిపోతుంది.

దారి చూపడానికైనా ఎంత వెలుగు కావాలి? నిండు పున్నమినాటి వెన్నెల తీవ్రత సుమారు 0.3 లక్స్ మించదు. ఆ వెన్నెలలో పల్లెవారు పొలం గట్ల మీద నడిచారు. 5 ల్యూమెన్ల వెలుగును 5 చదరపు మీటర్ల నేల మీద పరిస్తే 1 లక్స్ వస్తుంది, అనగా పున్నమి వెన్నెలకు మూడు రెట్లకు పైమాటే. 1,000 ల్యూమెన్లు అని పెట్టె మీద ముద్రించిన టార్చి పొలానికి, కొండదారికి పనికివస్తుంది. పడకగదిలో అది కళ్ళను మిరుమిట్లు గొలిపి, ఆర్పిన వెంటనే మనిషిని మునుపటికంటె గాఢమైన చీకటిలో వదలివేస్తుంది.

"రేడియం" అనే మాట

తెలుగుదేశంలో చీకటిలో మెరిసే ప్రతి వస్తువునూ జనం "రేడియం" అంటారు. లారీ వెనుక అంటించేది రేడియం స్టిక్కరు, గడియారంలో మెరిసేది రేడియం ముల్లు. లారీ స్టిక్కరు తన మీద పడిన కాంతిని వెనుకకు తిప్పిపంపే పొర మాత్రమే. దానిలో రేడియం రవ్వంత కూడ లేదు.

అయినా ఆ పేరు ఊరికే రాలేదు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్న తరువాత, దానిని జింక్ సల్ఫైడుతో కలిపి గడియారపు అంకెలకు పూయసాగారు. రేడియం విడుదల చేసే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడును తాకినప్పుడు అది మెరుస్తుంది. అమెరికాలో ఆ పనిచేసిన యువతులు కుంచె మొనను పెదవులతో సన్నబరచుకొనేవారు. లోపలికి పోయిన రేడియం కాల్షియం వలె ఎముకలలో చేరి, వారి దవడలను తినివేసింది, పలువురు మరణించారు. రేడియం అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. తాత గడియారంలో ముల్లు మెరవడం మానినా రేడియం పోలేదు. ఆల్ఫా కణాల తాకిడికి జింక్ సల్ఫైడు స్ఫటికాలు చెడిపోయినవంతే. అటువంటి పాత గడియారాన్ని పిల్లలు విప్పకుండా చూడాలి.

రేడియంకు బదులుగా వచ్చినది ట్రిటియం. ఇది హైడ్రోజనుకు రేడియోధార్మిక రూపం. దీని అర్ధాయువు 12.3 సంవత్సరాలు. సన్నని గాజు గొట్టంలో ఈ వాయువును నింపి, లోపలి గోడకు మెరిసే పొడి పూస్తారు. దీని బీటా కిరణాలు ఆ గాజును దాటి రాలేవు. బ్యాటరీ లేకుండా, ఎండ సోకకుండా ఇది ఏండ్ల తరబడి మెరుస్తుంది. గుణంలో ఇది ఉత్తమమే. అయితే గాజు పగిలే వస్తువు. పైగా రేడియోధార్మిక వస్తువుల నియమాలు దేశదేశానికీ మారుతాయి. తాళపుచెవుల గొలుసు వంటి అలంకారాలకు ట్రిటియంను అమెరికా అణు నియంత్రణ సంస్థ అనుమతించదు. ఏడాదికొకసారి దేశాలు దాటే ప్రవాస కుటుంబానికి ఈ చిక్కు అనవసరం.

వెలుగును దాచుకొనే పదార్థం

మూడవ మార్గం స్ఫురదీప్తి, అనగా కాంతిని గ్రహించి నెమ్మదిగా తిరిగి వెలువరించే గుణం. వెనుకటి బొమ్మలలో, స్విచ్చులలో రాగి కలిపిన జింక్ సల్ఫైడు ఉండేది. దీపం ఆర్పిన అరగంటకో గంటకో అది వెలవెలబోయేది. 1990ల తొలి సంవత్సరాలలో జపానుకు చెందిన నెమోటో సంస్థ పరిశోధకులు స్ట్రాన్షియం అల్యూమినేటులో స్వల్పంగా యూరోపియం, డిస్ప్రోసియం చేర్చి కొత్త పదార్థాన్ని రూపొందించారు. దీని దీప్తి పాతదానికంటె సుమారు పది రెట్లు ఎక్కువ. నిలిచే కాలమూ అదే విధంగా ఎక్కువ. ఇందులో రేడియోధార్మికత లేదు.

ఇది పనిచేసే తీరును ధాన్యపు గాదెతో పోల్చవచ్చును. కాంతి తగిలినప్పుడు స్ఫటికంలోని ఎలక్ట్రానులు పై శక్తి స్థాయికి పోయి, అక్కడి లోపాలలో చిక్కుకొంటాయి. గది ఉష్ణమే వాటిని కొద్దికొద్దిగా విడిపిస్తూ ఉంటుంది. విడివడిన ఎలక్ట్రాను స్వస్థానానికి చేరినప్పుడు 520 నానోమీటర్ల ప్రాంతపు ఆకుపచ్చని కాంతి వెలువడుతుంది. గాదె నిండుగా ఉన్నప్పుడు ధాన్యం ధారగా, తరువాత గింజలుగా రాలినట్లు, ఈ వెలుగు మొదట త్వరగాను తరువాత మెల్లగాను తగ్గుతుంది. స్థూలంగా చెప్పాలంటే, 1 నిమిషం తరువాత ఉన్న వెలుగులో 10 నిమిషాలకు పదవవంతు, 100 నిమిషాలకు నూరవవంతు మిగులుతుంది. శీతకాలపు రాత్రి 13 గంటలు, అనగా 780 నిమిషాలు గడిచేసరికి మిగిలేది సుమారు 780వ వంతు. అది కంటికి ఆనుతుందా అనే ప్రశ్నకు జవాబు కంటిలోనే ఉన్నది.

కంటి లోపలి రసాయనం

నేత్రపటలంలో పగటి చూపుకు శంకు కణాలు, రాత్రి చూపుకు దండ కణాలు ఉన్నవి. దండ కణాలలోని రొడాప్సిన్ అనే వర్ణకం వెలుతురులో విడిపోయి చీకటిలో మరల కూడుకొంటుంది. ఈ వర్ణకం తయారీకి ఎ విటమిను అవసరం; అది లోపించినప్పుడే రేచీకటి వస్తుంది. వర్ణకం పూర్తిగా కూడుకొనడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత కన్ను, వెలుతురులో ఉన్నప్పటికంటె వేలాది రెట్లు సున్నితమవుతుంది. అప్పుడు దానికి మిక్కిలి బాగుగా కనబడేది 500 నానోమీటర్ల ప్రాంతపు పచ్చని కాంతి.

రాత్రి గడిచేకొద్దీ పదార్థంలోని వెలుగు తగ్గుతుంది, కంటి సున్నితత్వం పెరుగుతుంది. రెండింటి లెక్క దాదాపు సరిపోతుంది. అందుచేత తెల్లవారుజామున నిద్రలేచినవారికి ఆ టార్చి కనిపిస్తుంది. వెలుగుతున్న హాలులోనుండి అప్పుడే చీకటిగదిలోకి వచ్చినవారికి అదే టార్చి కనిపించదు. వస్తువు చెడిపోయినదని తిరిగి ఇచ్చేవారు ఈ భేదాన్ని గమనించాలి. మరొక విశేషమేమంటే, దండ కణాలు చూపు కేంద్రంలో లేవు, దాని చుట్టూ ఉన్నవి. కావున సన్నని మెరుపును సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం ప్రక్కకు చూస్తే కనబడుతుంది.

ఈ పదార్థం సొరుగులో ఉంటే నిరుపయోగం. పగలు వెలుగు తిననిది రాత్రి వెలుగు ఈయలేదు. నీలి, అతినీల లోహిత కిరణాలు దీనిని బాగా నింపుతాయి. పసుపురంగు దీపాల కింద ఇది సరిగా నిండదు. తెల్లని ట్యూబులైటుకు ఎదురుగా గాని, పగటి వెలుతురు పడే చోట గాని ఉంచాలి. స్ట్రాన్షియం అల్యూమినేటు నీటితో చర్య జరిపి క్రమంగా నశిస్తుందనే సంగతి కూడ జిజాన్ వంటి తేమ ప్రదేశంలో ముఖ్యం. పైన రంగుగా పూసినది త్వరగా పోతుంది. ప్లాస్టిక్కులో గాని సిలికోను రబ్బరులో గాని లోపలనే కలిపి పోతపోసినది చిరకాలం నిలుస్తుంది. గోటితో గీరితే పొడి రాలే వస్తువును కొనరాదు.

ఈ పదార్థపు విలువ గృహాలకే పరిమితం కాదు. న్యూయార్కులోని వరల్డ్ ట్రేడ్ సెంటరు మెట్లకు 1993 బాంబు ప్రేలుడు తరువాత మెరిసే రంగు వేశారు. 2001 సెప్టెంబరు 11న దిగివచ్చినవారికి అది తోడ్పడినది. 2004లో ఆ నగరం ఎత్తయిన కార్యాలయ భవనాల మెట్లదారులలో ఇటువంటి గుర్తులను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినది.

బ్యాటరీతో నిత్యం మెరిసే దీపాలు

కొన్ని టార్చిలలో స్విచ్చు దగ్గర సూదిమొనంత ఎల్.ఇ.డి. ఎల్లప్పుడూ వెలుగుతుంది. దీనికి పగటి వెలుతురుతో పనిలేదు. సొరుగులో ఉన్నా మెరుస్తుంది. దీని ఎంపికకు చిన్న గుణకారం చాలు. ఏడాదికి 8,760 గంటలు. ఆ దీపం 0.05 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు తీసుకొంటే ఏడాదికి ఖర్చు 438 మిల్లీ ఆంపియర్ గంటలు. ఏఏ పరిమాణపు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో సుమారు 2,500 ఉంటాయి. లెక్కప్రకారం అయిదేళ్ళు రావాలి. నాణెం ఆకారపు బ్యాటరీలో ఉండేది సుమారు 220 మాత్రమే. అది ఆరు నెలలలో అయిపోతుంది. ఇక 5 మిల్లీ ఆంపియర్లు తీసుకొనే దీపమైతే పెన్సిల్ సెల్లు కూడ 21 రోజులలోపే నిండుకొంటుంది. పెట్టె మీద "నిత్యం మెరియును" అనే మాటకంటె, ఎన్ని నెలలు మెరియును అనే అంకె ముఖ్యం.

గోడ సాకెట్టులో ఉండే దీపాలు మరొక తరగతి. అవి మామూలుగా సన్నగా వెలుగుతూ, విద్యుత్తు ఆగినప్పుడు లోపలి బ్యాటరీతో తామే వెలుగుతాయి; ఊడదీస్తే టార్చి అవుతాయి. అర వాటు దీపం ఏడాదంతా వెలిగినా అయ్యేది 4.4 యూనిట్లు. 2018 నుండి సౌదీ గృహాలకు అమలైన 18 హలాలాల ప్రాథమిక ధర ప్రకారం అది ఒక రియాలుకంటె తక్కువ. భారతదేశపు ఇళ్ళలోని పాత "జీరో బల్బు" పేరుకు సున్నా అయినా వాస్తవంలో 15 వాట్ల వరకు తినేది. అయితే సౌదీలోని పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్లు కూడ ఉండవచ్చును. దీపం మీద ముద్రించిన వోల్టేజిని, పిన్నుల ఆకారాన్ని చూడకుండా ఊరినుండి తెచ్చుకొనరాదు.

ఎండ, తేమ, కారే సెల్లులు

బ్యాటరీ కూడ ఒక రసాయన పాత్రయే. వాడకున్నా లోపల చర్య కొంత సాగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినకొద్దీ అటువంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక స్థూల నియమం. ఆల్కలైన్ సెల్లులో జింకు నెమ్మదిగా నీటితో చర్యపొంది హైడ్రోజను వాయువును పుట్టిస్తుంది. ఒత్తిడి పెరిగి మూత సడలితే పొటాషియం హైడ్రాక్సైడు బయటికి కారి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొడిగా పేరుకొంటుంది. పూర్తిగా అయిపోయిన సెల్లు కారే అవకాశం ఎక్కువ. నిత్యం మెరిసే టార్చికి గల అసలు శత్రువు ఇదే: అది మౌనంగా సెల్లును చివరి బొట్టు వరకు పీల్చి, తరువాత ఆ సెల్లు చేతనే చెడగొట్టబడుతుంది. మెరుపు తగ్గేవరకు ఆగకుండా, ఏడాదికొకసారి విధిగా సెల్లు మార్చడమే దీనికి మందు.

ఆల్కలైన్ సెల్లు కారితే దూదిని నిమ్మరసంలో ముంచి తుడవాలి, ఏలననగా ఆ పొడి క్షారం. చవకైన పాతరకం జింకు–కార్బను సెల్లు కారితే అది ఆమ్లగుణం కలది. వంటసోడా నీటితో తుడవాలి. లిథియం–ఐరన్ సల్ఫైడు రకపు ఏఏ సెల్లులలో నీరు లేదు. అవి 60 డిగ్రీల వేడి వరకు తట్టుకొంటాయి, సుమారు 20 ఏండ్లు నిల్వ ఉంటాయి. వెల ఎక్కువైనా వేడి ప్రదేశానికి అవే అనువు. ఛార్జి చేసుకొనే లిథియం–అయాన్ టార్చిని ఎండలో నిలిపిన కారులో వదలరాదు. దిండు కింద పెట్టి ఛార్జి చేయరాదు.

నాణెమంత ప్రమాదం

చిన్నపిల్లలున్న ఇంట్లో మరొక జాగ్రత్త అన్నిటికంటె ముఖ్యం. గొలుసుకు వేలాడే చిన్న దీపాలలో 20 మిల్లీమీటర్ల వెడల్పు గల లిథియం నాణెపు బ్యాటరీ ఉంటుంది. పిల్లవాడు దానిని మింగితే అది ఆహారవాహికలో చిక్కుకొనవచ్చును. అక్కడి తడితో వలయం పూర్తయి, ఋణధ్రువం దగ్గర హైడ్రాక్సైడు పుడుతుంది. తీవ్రమైన గాయానికి రెండు గంటలు చాలు. దీపం వెలిగించలేనంతగా నీరసించిన బ్యాటరీ కూడ ఈ హాని చేయగలదు. 2022లో అమెరికా ఇటువంటి వస్తువుల బ్యాటరీ గది పిల్లలకు తెరుచుకొనరాదని చట్టం చేసినది.

మింగినట్లు అనుమానం కలిగినా వెంటనే ఎక్స్‌రే సౌకర్యం గల ఆస్పత్రికి తీసుకొనిపోవాలి, వాంతి చేయించరాదు. ఏడాది నిండిన బిడ్డకు, మింగగలిగిన స్థితిలో ఉంటే, దారిలో 10 నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చునని అమెరికాలోని విషచికిత్సా కేంద్రపు మార్గదర్శకాలు చెబుతున్నాయి. తేనెకోసం ప్రయాణం ఆపరాదు. ఏడాది నిండని శిశువుకు తేనె ఇవ్వరాదు. సౌదీలో అంబులెన్సుకు 997, అగ్నిమాపక సహాయానికి 998 అంకెలు ఇంటిలో అందరికీ తెలిసి ఉండాలి.

ఎంపిక

ఈ విషయాలన్నిటినీ కూడదీస్తే ఇంటికి తగిన దీపం స్పష్టమవుతుంది. మంచం ప్రక్కకు, ప్లాస్టిక్కులోనే మెరిసే పదార్థం కలిపిన చిన్న టార్చి మేలు. అది ఏఏ లేక ఏఏఏ సెల్లుతో నడవాలి. స్విచ్చు వేయగానే మొదట సన్నని వెలుగే రావాలి. బ్యాటరీ గదికి మరమేకు ఉండాలి. స్నానాలగది దారిలో సాకెట్టు దీపం ఉంచవచ్చును. వెలుతురు సోకని చోట పెట్టవలసి వస్తే ఎల్.ఇ.డి. మెరుపు గల టార్చిని, లిథియం ఏఏ సెల్లుతో వాడాలి. నాణెపు బ్యాటరీ దీపాలను పసిపిల్లల ఇంటికి తేకపోవడమే శ్రేయస్కరం. కొన్న టార్చిని దాని చోట పెట్టి, తెల్లవారుజామున 4 గంటలకు లేచి, లైటు వేయకుండా పడక మీదనుండి చూడడమే ఉత్తమ పరీక్ష. అదే పదార్థపు పట్టీని వీధి తలుపు గొళ్ళెం దగ్గర అంటిస్తే ద్వారం కూడ కనిపిస్తుంది.

ప్రతి దీపావళికి ప్రమిదలు కడిగే నాడు టార్చి సెల్లు మార్చడం కూడ ఆచారంగా చేర్చుకొనవచ్చును. దాని చోటు నుండి దానిని కదపరాదని పిల్లలకు చెప్పడం మరువరాదు. గూడు పోయినా, గూటి క్రమశిక్షణ జిజాన్‌లోని అపార్ట్‌మెంటుకు కూడ అవసరమే.